లైన్లోనే ఉండండి

నీళ్ల సరఫరా ఆఫీసు, ఫిర్యాదుల గది. పాత టెలిఫోన్ పెట్టె ముందు ఆపరేటరమ్మ, ఆవిడ ఎదురుగా ఫైలు పట్టుకుని సెక్షన్ ఆఫీసరు. నాలుగు కావడానికి ఇంకా పది నిమిషాలుంది.

“అది కాదమ్మా నేనడిగింది. ఫిర్యాదు చేయడానికి ఫోన్ చేసినవాణ్ణి హోల్డ్‌లో పెట్టామనుకో. వాడికి ఏం వినిపించాలి?”

“వేణువు సార్.”

“ఎన్నేళ్లనుంచి వినిపిస్తోంది వేణువు?”

“నేను చేరకముందు నుంచీ సార్. పద్దెనిమిదేళ్ల పైమాటే.”

“మరి నిన్న పెద్దాఫీసు మీటింగులో, నలభైమంది ముందు, పెద్దసారు మన నంబరుకి ఫోన్ కొట్టి స్పీకర్లో పెడితే ఏం వినిపించింది?”

“వేణువు... కాదా సార్?”

“నీళ్లు నమలకమ్మా.”

“లేదు సార్, నిజంగానే...”

“డబడబమని డోళ్లు! మధ్యలో ముగ్గురో నలుగురో కుర్రాళ్లు ‘హే హే’ అని అరుపులు!”

“ఐదుగురు సార్. ఆడపిల్లలు.”

“ఆహా.”

“అంటే... అలా అనిపించింది సార్.”

“లెక్కతో సహా అనిపించిందన్నమాట. ఏ భాష?”

“కొరియా సార్.”

“కొరియా! మన నీళ్ల ఆఫీసుకీ కొరియాకీ ఏమిటమ్మా సంబంధం? వాళ్ల వీధుల్లో మనమేమైనా పైపులు వేశామా?”

“పొరపాటైపోయింది సార్. పెన్‌డ్రైవు మారిపోయింది. పెట్టె దుమ్ము దులుపుదామని వేణువుది తీసి బ్యాగులో వేసుకున్నాను. అందులో ఇంకోటి ఉంది, మా అమ్మాయిది. రెండూ నల్లవే. మళ్లీ పెట్టేటప్పుడు చెయ్యి దానిమీద పడింది.”

“ఎప్పుడు?”

“ఈమధ్యే సార్.”

“ఈమధ్యంటే? నిన్నా? మొన్నా?”

“నెల... దాటింది సార్.”

“నెల దాటిందా! ఆ రోజే తీసి మార్చేయలేకపోయావా?”

“మార్చేద్దామనే లేచాను సార్. చెయ్యి పెట్టెదాకా వెళ్లింది కూడా. ఈలోగా సబ్బాయన ఫోన్ చేశాడు.”

“సబ్బాయనెవరు?”

“పేరు తెలీదు సార్. స్నానం మధ్యలో నీళ్లాగిపోయాయట. ఒంటినిండా సబ్బు. ఆ సబ్బు చేత్తోనే ఫోన్ పట్టుకుని నన్నూ, మిమ్మల్నీ, మన పైపుల్నీ కలిపి తిట్టడం మొదలెట్టాడు. ఒక్క నిమిషం ఆగండి బాబూ అని హోల్డ్‌లో పెట్టి, వాల్వు దగ్గర వాళ్లకి చెప్పి, మళ్లీ ఎత్తాను.”

“మళ్లీ తిట్టాడు.”

“లేదు సార్. చప్పట్లు వినిపించాయి. ‘మేడమ్, నీళ్లు వచ్చి నిమిషమైంది. ఇంకొక్కసారి ఆ హోల్డ్‌లో పెట్టరా’ అన్నాడు.”

“మరి సబ్బు?”

“ఆరిపోయిందట సార్.”

“సరే. ఆయన సంగతి వదిలెయ్. నా సంగతి విను. ఈ ఫైలు చూశావా? రోజుకి నూటనలభై ఫిర్యాదులొచ్చే ఆఫీసు మనది. ఈ నెల్లో రోజుకి అరవై. ‘సగానికి సగం ఎలా తగ్గాయయ్యా, పైపులు బాగుచేశారా?’ అన్నాడు పెద్దసారు. లేదన్నాను. ‘కొత్త మోటార్లు వేశారా?’ అన్నాడు. లేదన్నాను. ‘మరేం చేశారు?’ అన్నాడు. నిజంగా తెలియక నిలబడ్డానమ్మా! అప్పుడు కొట్టాడు ఫోను. నువ్వు హోల్డ్‌లో పెట్టావు. వాళ్లు మొదలెట్టారు, ‘హే హే’ అని. నలభైమందీ నావైపు చూశారు.”

“ఎవరూ నవ్వలేదా సార్?”

“ఒకావిడ భుజాలు ఊపింది. పెద్దసారు చూడగానే శాలువా సర్దుకుంటున్నట్టు నటించింది. అది కాదిప్పుడు. ఇవాళ ఐదులోపు పాట తీసెయ్యాలి. తీసేశామని నేను రాసివ్వాలి. ఐదుకి వాళ్లే ఫోన్ చేసి వింటారు. వేణువు వినిపించిందా సరేసరి. లేదంటే ఈ గదిలోకి మెషీన్ వస్తుంది. ‘కుళాయి రాకపోతే ఒకటి నొక్కండి, పైపు పగిలితే రెండు నొక్కండి’ అనే మెషీన్. నిన్ను రికార్డు గదిలోకి పంపుతారు. అక్కడ నీతో మాట్లాడేవి చెదపురుగులే.”

“తీసేస్తాను సార్.”

“తియ్యి మరి.”

“నాలుగుంబావు దాటాక తీస్తాను సార్.”

“నాలుగుంబావేమిటి? ముహూర్తమా?”

“ఏం లేదు సార్.”

“ఏం లేనిదానికి అంత కచ్చితంగా టైము చెప్తావేం?”

“ఐదు దాకా ఉంది కదా సార్, అందుకని... ఒక్క నిమిషం, ఫోను. నమస్కారం, నీళ్ల సరఫరా ఆఫీసు, చెప్పండి... ఆఁ, మాస్టారూ, మీరేనా! సార్, హెడ్మాస్టరుగారు. స్పీకర్లో పెడుతున్నాను, మీరే వినండి.”

“అమ్మాయ్! రెండో చరణం ముందు ‘హే’ ఒకటా, రెండా?”

“రెండండీ మాస్టారూ.”

“చెప్పానా! మా మనవరాలు ఒకటే అని పందెం. పెట్టు, పెట్టు. ఆగుతాను.”

“మీ వీధి మొదట్లో పైపు పగిలిందని మొన్న రాసుకున్నానండీ, అది...”

“పగిలింది. కారుతోంది. కారనీ! పెట్టమ్మా, మేళం దాటిపోతుంది.”

“లైన్లోనే ఉండండి మాస్టారూ.”

“అమ్మా... ఇప్పుడు మాట్లాడింది, ఆ హెడ్మాస్టరేనా?”

“ఆయనే సార్.”

“రిటైరై పదకొండేళ్లయినా రోజుకి రెండు ఉత్తరాలు రాసే ఆయన? నా మీద పందొమ్మిది పిటిషన్లు పెట్టిన ఆయన? నా ఉత్తరాల్లోనే తప్పులు దిద్ది ఎర్ర సిరాతో తిరిగి పంపే ఆయన?”

“ఆయనే సార్.”

“‘కారనీ’ అన్నాడా?”

“అన్నారు సార్. మీరూ విన్నారుగా.”

“నేను కూర్చుంటానమ్మా. ఆ కుర్చీ ఇటు జరుపు.”

“మంచినీళ్లు తాగుతారా సార్?”

“వద్దు. అసలు ఏమంటారమ్మా ఆ పిల్లలు ఆ పాటలో? అర్థం తెలుసా నీకు?”

“మొదట్లో నాకూ తెలీదు సార్. బ్యూటీపార్లరమ్మ చెప్పింది. ఆవిడ కూడా రోజూ చేస్తుంది, షాపులో అందరికీ వినిపించేలా ఫోను అద్దం ముందు పెడుతుందట. ఆవిడకి ఆ భాష కాస్త వచ్చు. ‘పొద్దున్నే లేచావా? లేచావు కదా, అదే గొప్ప. మిగతా పనులు రేపు చూసుకుందాం, హే. నవ్వు రాకపోతే రాకపోనీ, కాలు కదుపు చాలు. ఎవరేమన్నా నేను నీవైపే, హే హే. రా, ఇలా కూర్చో. ముందు గ్లాసుడు మంచినీళ్లు తాగు...’”

“ఏం తాగు?”

“మంచినీళ్లు సార్.”

“మన లైన్లోనా?”

“పల్లవిలోనే ఉంది సార్.”

“మూడు రోజులుగా కుళాయి రావట్లేదని ఫోన్ చేసినవాడికి, మంచినీళ్లు తాగమని చెప్తున్నామా మనం?”

“పాటకి నాలుగుసార్లు సార్.”

“అయ్యబాబోయ్! పెద్దసారుకి ఈ భాష రాదుకదా?”

“రాదనే అనుకుంటున్నాను సార్.”

“దేవుడున్నాడమ్మా. ఇంకెవరికీ ఈ అర్థం చెప్పకు. కాగితం ఇలా ఇవ్వు, రాసి పడేస్తాను. ‘విషయము: వినియోగదారులు వేచియుండు సమయమున వినిపించబడు సంగీతము గురించి.’ బాగుందా?”

“బాగుంది సార్.”

“‘సదరు సంగీతమందు పొరపాటున చోటుచేసుకున్న...’ ఈ ‘హే హే’ని ఏమని రాయాలమ్మా?”

“‘ఉత్సాహ ధ్వనులు’ అనండి సార్.”

“‘...ఉత్సాహ ధ్వనులను తక్షణమే తొలగించి...’ ఊఁ. నువ్వు ఈ గదిలో ఉండాల్సిన మనిషివి కాదమ్మా.”

“మీ కాలు ఊగుతోంది సార్.”

“నా కాలు కాదు. బల్ల ఊగుతోంది.”

“స్పీకర్లో వస్తున్న పాటకి సరిగ్గా ఊగుతోంది సార్.”

“పాత బల్ల! సరే, ఆ వేణువుది తియ్యి. బ్యాగులోనే ఉందన్నావుగా.”

“ఉండండి సార్... కళ్లజోడు... బస్ పాసు... ఇదేమిటి, మందుబిళ్లలు... వాషరు...”

“వాషరా! స్టోరు రూములోదా?”

“అయ్యో లేదు సార్, కొన్నాను. మా వంటింటి కుళాయికి. రెండు నెలలుగా కారుతోంది.”

“నీళ్ల ఆఫీసు ఆపరేటరు ఇంట్లో కుళాయి కారుతోందా? ఫిర్యాదు చేయకపోయావా?”

“ఎవరికి సార్? ఎత్తేది నేనేగా.”

“అదీ నిజమే.”

“కొని పన్నెండు రోజులైంది సార్. పొద్దున నాతో ఆఫీసుకొస్తుంది, సాయంత్రం నాతో ఇంటికొస్తుంది. ఇంటికెళ్లాక బ్యాగు తీసే ఓపిక ఉండదు. ఇదిగో, వేణువు దొరికింది... ఆగండి సార్, మాస్టారి టైమైంది. మాస్టారూ, ఉన్నారా? నేనూ ఉన్నాను. ఇంకొక్క పాట చాలా? ఆఁ... అలాగే, పెడుతున్నాను.”

“మధ్యలో ఎందుకెత్తావు? పాట వింటున్నాడుగా ఆయన.”

“మూడు నిమిషాలు దాటితే ఈ పెట్టె లైను తెంపేస్తుంది కదా సార్. మరిచిపోయారా? అందుకే పాట అవ్వగానే ఎత్తి, ఒక మాట మాట్లాడి, మళ్లీ పెడతాను. ఎంతమంది ఆగితే అంతమందికీ.”

“అందరికీ అదే మాటా?”

“‘ఉన్నారా? నేనూ ఉన్నాను.’ అంతే సార్. వేణువున్నప్పుడూ అదే అనేదాన్ని. అప్పుడు ‘నువ్వుంటే మాకేంటి, నీళ్లేవీ’ అనేవాళ్లు. ఇప్పుడు ‘థాంక్సండీ’ అంటున్నారు.”

“ఊఁ. ఇందాకట్నుంచి ఒకటి అడుగుదామనుకుంటున్నాను. మీ అమ్మాయి పెన్‌డ్రైవు నీ బ్యాగులోకి ఎందుకొచ్చింది?”

“వచ్చింది సార్.”

“నడిచొచ్చిందా?”

“నేనే... లాక్కున్నాను సార్. హాల్లో స్పీకరుకి పెట్టుకుని వింటుంటే, లాగేశాను.”

“ఎందుకు?”

“పరీక్ష తప్పింది సార్. రెండోసారి. కాగితం చేతిలో పట్టుకుని వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా ఈ పాట పెట్టుకుని సోఫాలో కూర్చుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కాలు ఊపుతోంది. నాకు ఒళ్లు మండిపోయింది.”

“ఏమన్నావు?”

“ఏదో అన్నాను సార్.”

“ఏదో అంటే?”

“‘ఆ పాట పాడేవాళ్లొచ్చి నీ పరీక్ష రాసిపెడతారా’ అన్నాను.”

“అందులో ఏముంది? ఏ తల్లైనా అంటుంది.”

“అక్కడితో ఆపలేదు సార్. ‘నా కూతురివని చెప్పుకోవాలంటే సిగ్గేస్తోంది’ అన్నాను.”

“అమ్మా...”

“అనేశాను సార్. రోజుకి వందమంది తిడితే ‘అలాగేనండీ’ అంటాను కదా నేను. ఆ నోటితోనే అన్నాను. ముప్ఫయ్యెనిమిది రోజులైంది, నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. తలూపుతుంది, అంతే. ఏదైనా చెప్పాలంటే ఫ్రిజ్జు మీద చీటీ అంటిస్తుంది. ‘పాలు అయిపోయాయి’ అని.”

“నువ్వేం చేస్తావు?”

“కింద ‘చూడబడినది’ అని రాసి సంతకం పెడతాను సార్.”

“సంతకం పెడతావా! ఇంట్లో!”

“అలవాటు సార్. పెట్టాక కానీ తెలీలేదు. ఒకరోజైతే తేదీ కూడా వేశాను.”

“నీకేం చెప్పనమ్మా నేను! ఇవాళ చీటీలో ఏముంది?”

“‘గొడుగు తీసుకెళ్లు’ అని.”

“అది మాటే కదమ్మా.”

“చీటీ సార్.”

“నాకు మాటలాగే వినిపించింది. సరే... అయితే ఆ కోపంతోనే పాట ఇక్కడ ఉంచావా?”

“కోపం కాదు సార్. అసలు ఏముంది ఇందులో, అంత పట్టుకుని కూర్చోవడానికి అని మొదటి రోజు విన్నాను. ఏమీ అర్థం కాలేదు. రెండో రోజూ విన్నాను. అర్థం తెలిశాక ఇంకోలా వినిపించింది. ఆ పిల్లలు దానికి చెప్పిందేమిటి సార్? కూర్చో, మంచినీళ్లు తాగు, నేను నీవైపే అని. కాగితం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డప్పుడు నేను అనాల్సిన మాటలే కదా అవి. నేనన్లేదు. ఎవరో భాష కూడా తెలియని వాళ్లు అన్నారు.”

“కళ్లు తుడుచుకోమ్మా. ఎవరైనా ఫోన్ చేస్తే గొంతులో తెలిసిపోతుంది.”

“ఏం లేదు సార్. దుమ్ము.”

“ఆ దుమ్ము నెలక్రితమే దులిపావుగా. మరి ఇంటికెళ్లి ఆ మాటే చెప్పొచ్చుగా అమ్మాయితో?”

“ఆ గది తలుపు దాకా వెళ్తాను సార్. చెయ్యి ఎత్తుతాను. తట్టడం రాదు. వెళ్లి పప్పు రుబ్బుకుంటాను.”

“ఊఁ... అమ్మా, నాలుగూ పది. ఆ నాలుగుంబావు కథేదో చెప్పు.”

“మీరు కోప్పడనంటే చెప్తాను సార్.”

“ఇప్పుడు కోప్పడే ఓపిక నాకెక్కడుంది?”

“ఒకళ్లు చేస్తారు సార్. రోజూ. సరిగ్గా నాలుగుంబావుకి. మాట్లాడరు.”

“మాట్లాడరంటే?”

“ఒక్క మాట కూడా సార్. ‘నమస్కారం, చెప్పండి’ అంటాను. ఉలుకూ పలుకూ ఉండదు. కానీ మనిషున్నట్టు తెలుస్తుంది, ఊపిరి వినిపిస్తుంది. హోల్డ్‌లో పెడతాను. తొమ్మిది పాటలు వింటారు. ప్రతి పాటకీ ఎత్తి ‘ఉన్నారా, నేనూ ఉన్నాను’ అంటాను. తొమ్మిదోది అవ్వగానే పెట్టేస్తారు.”

“ఎవరో తెలీదా? నంబరు?”

“ఈ పెట్టెకి నంబరు కనిపించే కిటికీ ఎక్కడిది సార్?”

“అర్థమైంది! పెద్దాఫీసు మనిషి! గూఢచారి! నెల్లాళ్లుగా మన మీద నిఘా పెట్టారు!”

“గూఢచారులు తొమ్మిది పాటలు వింటారా సార్?”

“నివేదిక వివరంగా రాయాలిగా!”

“కాదు సార్. ఆ ఊపిరి అలా ఉండదు.”

“గూఢచారి ఊపిరి ఎలా ఉంటుందో నీకెలా తెలుసు? సరే, ఇంకోటి చెప్పు. ఈ పాట ఊరందరి ఫోన్లలోనూ ఉందట. మా మేనకోడలు ఫోన్లో ఉంది, నిన్న రాత్రే... ఊరికే... అర్థం తెలుసుకుందామని నాలుగుసార్లు విన్నాను. కావాలంటే ఇంట్లో కూర్చుని హాయిగా వినొచ్చు. మన లైనుకి చేసి, ఎంగేజ్ వస్తే మళ్లీ చేసి, మూడు నిమిషాలకోసారి నీ గొంతు అడ్డమొచ్చే పాట వినడమెందుకమ్మా?”

“అదే నాకూ తెలీదు సార్. అందుకే ఇవాళ కూడా ఉంచమంటున్నాను. వేణువు పెట్టేస్తే ఆ మనిషి ఏమనుకుంటారు? నేను కూడా వెళ్లిపోయాననుకోరూ?”

“అంత చుట్టరికమెప్పుడు కలిసింది? ‘ఉన్నారా, ఉన్నాను’ తప్ప ఇంకేమైనా మాట్లాడావా ఆ మూగలైనుతో?”

“ఏం మాట్లాడతాను సార్... ఏమైనా తిన్నారా అని అడుగుతాను. ఎండగా ఉంది, బయటికి వెళ్లకండి అంటాను.”

“ఇంకా?”

“మొన్న మంగళవారం... మా అమ్మాయి సంగతి చెప్పాను సార్.”

“ఆఫీసు లైన్లో ఇంటి సంగతులా!”

“తెలియనివాళ్లకి చెప్పడం తేలిక సార్. నేనన్న మాట చెప్పాను. ఆ మాట నాకే గుచ్చుకుంటోందండీ, తిరిగి ఎలా తీసుకోవాలో తెలియట్లేదండీ అన్నాను. నిజానికి సిగ్గేసింది దాన్ని చూసి కాదండీ, భయమేసిందండీ, అది ఏమైపోతుందోనని, అన్నాను.”

“ఏమన్నారు?”

“ఏమీ అన్లేదు సార్. కానీ ఆవేళ తొమ్మిది కాదు. పన్నెండు పాటలున్నారు.”

“ఊఁ.”

“సార్, ఫోను.”

“టైమెంత?”

“నాలుగుంబావు.”

“స్పీకర్లో పెట్టు. నేను మాట్లాడతాను. నాకు వదిలెయ్. హలో! ఇది సెక్షన్ ఆఫీసరు. మీరు గత మాసకాలముగా ప్రభుత్వ టెలిఫోను సదుపాయమును... హలో? వినబడుచున్నదా?”

“అలా గ్రాంథికంలో భయపెట్టకండి సార్.”

“ఉండవమ్మా. హలో! మీరెవరైనా సరే, పెద్దసారుతో చెప్పండి, ఆ పాట పొరపాటున... అమ్మా, ఏమిటా చప్పుడు?”

“ఏది సార్?”

“విను. టక్... టక్... టక్.”

“రోజూ వస్తుంది సార్. గడియారమనుకుంటాను.”

“గడియారమా! ముప్ఫయ్యేళ్ల సర్వీసమ్మా నాది. అది కుళాయి. అరంగుళం కుళాయి. వాషరు అరిగింది. కింద స్టీలు గిన్నె పెట్టారు, అది సగం నిండింది. గూఢచారి కాదు, గాడిదగుడ్డూ కాదు! నిఖార్సైన ఫిర్యాదుదారు! నోరు తెరిచి చెప్పడానికి మొహమాటపడే ఫిర్యాదుదారు! ఇలాంటివాళ్లని ముప్ఫయ్యేళ్లలో చూడలేదు, కాళ్లకి దణ్ణం పెట్టాలి.”

“సార్, మెల్లగా. వింటున్నారు.”

“విననీ. ఫారం తియ్యి, రాసుకో. పాట సంగతి కూడా చెప్పెయ్, ఇవాళే ఆఖరని. మనిషికి చెప్పకుండా తీసెయ్యడం మర్యాద కాదు.”

“నమస్కారమండీ. నేనే, రోజూ మాట్లాడేదాన్ని. ఇందాక మాట్లాడింది మా సారు, మంచివారే, గొంతే అలా ఉంటుంది. మీతో ఒక మాట చెప్పాలండీ. రేపట్నుంచి ఈ పాట ఉండదు. వేణువు వస్తుంది. ఇంకొన్నాళ్లకి నేను కూడా ఉంటానో ఉండనో. మీరెవరో నాకు తెలీదు, మీ కష్టమేమిటో తెలీదు. కానీ ఈ నెల్లాళ్లూ నాలుగుంబావు ఎప్పుడవుతుందా అని చూసేదాన్నండీ. ఏదైనా ఫిర్యాదుంటే ఇవాళే చెప్పండి. రాసుకుంటాను.”

“...”

“లైన్లోనే ఉన్నారా?”

“ఉన్నానండీ.”

“మాట్లాడింది! చూశావా, మాట్లాడింది! చిన్నపిల్ల గొంతులా ఉందే! అడుగమ్మా, ఫిర్యాదేమిటో అడుగు!”

“...”

“ఏమ్మా, ఫోనువైపు అలా చూస్తావేం? ఫారం ముందు పెట్టుకుని కూర్చుంటే అదే నిండుతుందా? సమస్య ఏమిటో అడుగు!”

“స... సమస్య ఏమిటండీ?”

“వంటింట్లో కుళాయి కారుతోందండీ.”

“అరంగుళం! చెప్పానా! రాయి. ఎన్నాళ్లనుంచో అడుగు.”

“ఎన్నాళ్లుగా...”

“రెండు నెలలుగా. బిగించే మనిషి రోజూ రావడం వస్తోందండీ. బాగా అలిసిపోయి వస్తుంది. నేనే అడగలేదు. నాకూ తలుపు తియ్యడం రాలేదు.”

“ఏ తలుపు? అదెందుకు ఫారంలో? అమ్మా, ఫారం తలకిందులుగా పెట్టుకున్నావేం? పెన్ను ఇటివ్వు, నేను రాస్తాను. పాపా, చిరునామా చెప్పు తల్లీ. ఇల్లెక్కడ?”

“మనిల్లే, అమ్మా.”